ఆ ఊరి గాలి

ఊరు మారాలా వద్దా అన్న మాట ఆ ఇంట్లో మూడు నెలలుగా నలుగుతూనే ఉంది. పొద్దున్నే కాఫీ దగ్గర మొదలయ్యేది, పడుకునే ముందు దుప్పట్లు దులిపేటప్పటికి కూడా తెమిలేది కాదు.

వాళ్ళుండేది సిమెంటు కొట్టు పైన రెండు గదుల వాటా. కిటికీ తెరిస్తే బూడిదరంగు దుమ్ము, మూస్తే ఉక్క. భర్తకి ఉబ్బసం. పాఠ్యపుస్తకాలు అచ్చుకి వెళ్ళేముందు తప్పులు దిద్దే పని ఆయనది. ఇంట్లో కూర్చునే చేసుకుంటాడు. ఒక చేతిలో ఎర్ర పెన్ను, రెండో చేతిలో నోట్లో పెట్టుకుని పీల్చే మందు గొట్టం. దాన్ని "నా రెండో పెళ్ళాం" అనేవాడు. "మొదటిది నన్ను మాట్లాడనివ్వదు. ఇది లేకపోతే నేను మాట్లాడలేను" అని నవ్వబోయి దగ్గులో పడేవాడు. నవ్వు ఎక్కడ ఆగిందో, దగ్గు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పదకొండేళ్ళ సర్వీసు. మనుషుల మొహాలు మర్చిపోతుందేమో కానీ ఒకసారి చూసిన ఎముకని మర్చిపోదు. ఎప్పుడో విరిగి అతుక్కున్న చెయ్యి మళ్ళీ బల్ల మీదికొస్తే, పేరు చూడకుండానే "మీరు మెట్ల మీద నుంచి పడ్డారు కదూ" అనేది. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

వాళ్ళకి ఎనిమిదేళ్ళ కూతురు. ఒక్కచోట నిలవదు, నోరు మూతపడదు. అందుకే అసలు పేరు బడి రిజిస్టరుకి వదిలేసి ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

ఒక ఊరి ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చినప్పుడు ముందుగా గంతులేసింది పిచ్చుకే. పట్నం అనడానికి చిన్నది, పల్లె అనడానికి పెద్దది ఆ ఊరు. ఒకటే పెద్ద వీధి, దాని చివర నుంచి పొలాలు. ఎక్స్‌రే టెక్నీషియన్ ఉద్యోగం ఖాళీగా ఉంది, ఉండటానికి క్వార్టర్సు ఇస్తాం అని రాశారు. "శనివారం వచ్చి ఒక పూట ఉండి చూసుకోండి. నచ్చితేనే రండి. ఎవరి బలవంతమూ లేదు" అని కింద ఎవరో చేత్తో రాశారు.

"వెళ్ళి చూస్తే పోయేదేముంది?" అన్నాడు భర్త.

నిజమే కదా అనుకుంది ఆమె.

* * *

శనివారం మధ్యాహ్నం రెండింటికి బస్సు దిగారు. దిగీ దిగగానే ఆయన అక్కడే ఆగిపోయాడు. సంచి కింద పెట్టేశాడు. కళ్ళు మూసుకుని ఛాతీ నిండా పీల్చాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు.

"ఏమండీ? ఏమైంది?" అంది ఆమె కంగారుగా. గొట్టం కోసం చెయ్యి అప్పుడే సంచిలోకి వెళ్ళింది.

"ఏం కాలేదు. అదే వింత" అన్నాడు ఆయన. "అడుగు దాకా వెళ్తోందోయ్ గాలి! పదేళ్ళయింది ఇలా పీల్చి."

ఉన్నట్టుండి పిచ్చుక జడ లాగి పరుగెత్తాడు. పిచ్చుక కేరింతలు కొడుతూ వెంటపడింది. విత్తనాల కొట్టు దాటి, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు దాటి, మూసేసిన సినిమా హాలు దాకా ఇద్దరూ పరుగే పరుగు. ఆయన పరుగెత్తడం కూతురు పుట్టాక ఎప్పుడూ చూడలేదు ఆమె. కళ్ళు చెమర్చాయి. మారాలా వద్దా అన్న మాట ఆ క్షణంలోనే తేలిపోయింది అనుకుంది. ఇంక చూడాల్సిందేముంది, సామాను ఎప్పుడు సర్దుకోవాలన్నదే మిగిలింది అనుకుంది.

ఆసుపత్రి పెంకుల కప్పు వేసిన పొడుగాటి పాత భవనం. పెద్ద డాక్టరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. తెల్లటి కనుబొమ్మలు, శుభ్రంగా కత్తిరించుకున్న గోళ్ళు, మెత్తటి మాట. ముందు భర్త వంకే చూశాడు.

"గాలి పడిందా?"

"పడటమేంటి డాక్టరుగారూ, అమృతంలా ఉంది!"

"ఒకసారి పడిందంటే ఇంక వేరే గాలి పట్టదు. ఇక్కడికొచ్చిన వాళ్ళంతా అనే మాటే అది" అన్నాడు డాక్టరు, చిన్నగా నవ్వుతూ.

వెనకాల క్వార్టర్సు చూపించడానికి ఆయా వచ్చింది. నడుం వంగిన పెద్దావిడ. భర్తని, పిచ్చుకని తీసుకుని వరండా వెంట వెళ్ళింది. డాక్టరు ఆమెని ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళాడు.

యంత్రం పాతదే కానీ దిట్టంగా ఉంది. గోడకి, కిరణాలు సోకకుండా వేసుకునే సీసపు కోటు వేలాడుతోంది. మూలన డార్క్‌రూమ్ తలుపు. ఇప్పుడంతా కంప్యూటర్లోనే చూస్తున్నారు కానీ, ఆమె పని నేర్చుకున్నది మాత్రం ఇలాంటి చీకటి గదుల్లోనే. ఫిల్ములు మందులో ముంచి, కడిగి, తీగ మీద ఆరేసేవాళ్ళు.

"ఇదివరకటాయన మానేసి ఎన్నాళ్ళయింది డాక్టరుగారూ?"

"రెండేళ్ళు. అప్పటినుంచి తాళమే."

"ఎక్కడికెళ్ళారాయన?"

డాక్టరు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. పని మానేశాడు, అంతే. నువ్వు తాపీగా చూసుకో." మెత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

* * *

బయట మధ్యాహ్నం మూడు గంటల ఎండ. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే మాత్రం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. డార్క్‌రూమ్ అంటే అంతే. చీకటికి ఆమె కొత్త కాదు. గోడ తడిమి మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

ముందు వాసన తగిలింది. పుల్లగా, ఘాటుగా, ముక్కుపుటాలు మండేలా... ఫిల్ము కడిగే మందు వాసన. రెండేళ్ళు మూతపడ్డ గదిలో బూజు వాసన రావాలి. మందు ఎప్పుడో ఎండిపోయి, అడుగున తెల్లటి పొరై మిగలాలి. ఆమె తొట్టి మీద మూత ఎత్తింది. నిండుగా ఉంది. వేలు ముంచింది.

గోరువెచ్చగా ఉంది.

అప్పుడు వినపడింది చప్పుడు. టప్... టప్... టప్...

తల తిప్పి చూసింది. గోడవారన తీగ. తీగకి ఒకే ఒక ఫిల్ము, క్లిప్పుకి వేలాడుతూ. దాని అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఎవరో ఇప్పుడే కడిగి ఆరేశారు అనుకుంది. డాక్టరే అయి ఉంటాడు, యంత్రం పనిచేస్తుందో లేదో చూసి ఉంటాడు అనీ అనుకుంది. మనసుకి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా. ఫిల్ము తీసి, బల్ల మీదున్న లైటుపెట్టె వెలిగించి దాని మీద పెట్టింది.

చిన్నపిల్ల ఎడమ చెయ్యి. ఎనిమిదేళ్ళుంటాయి. మణికట్టు దగ్గరి చిన్న ఎముకల్ని చూస్తే వయసు చెప్పెయ్యగలదు ఆమె. చిటికెన వేలు నడిమి ఎముక దగ్గర కొంచెం పక్కకి ఒరిగి ఉంది. ఎప్పుడో చితికి అతుక్కున్న వేలు...

ఆ వేలు ఆమెకి తెలుసు. నాలుగేళ్ళ క్రితం లిఫ్టు తలుపులో నలిగింది. అప్పుడు ఎక్స్‌రే తీసింది తనే. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెడుతూ, తనూ ఏడుస్తూ.

"కాదు" అంది పైకే. "ఎవరి పిల్లో."

లైటుపెట్టె కింద అరలో లావుపాటి కవరు ఉంది. దాని మీద పేరు లేదు. లోపల ఫిల్ములు, దొంతరగా. మొదటిది తీసింది. అదే చెయ్యి, అదే వంకర వేలు. తొమ్మిదేళ్ళ ఎముకలు. రెండోది. పదేళ్ళు. మూడోది. పదకొండు...

నాలుగోది. పదకొండు.

ఐదోది. పదకొండు.

ఎదిగే పిల్లల ఎముకల చివర సన్నటి నల్లగీత ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది మారుతూ ఉంటుంది. పెద్దయ్యాక మూసుకుపోతుంది. ఈ చేతిలో గీత మారడం లేదు. ఆరోది... ఏడోది... పదోది...  ఆపుదామంటే ఆమె చెయ్యి ఆగడం లేదు. ఒక్కొక్క ఫిల్ము పెట్టె మీద పెట్టడం, తియ్యడం. ఆ చెయ్యి ఇంక పెరగలేదు.

కానీ ఇంకేదో మారుతోంది. ఏమిటది?

ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనపడతాయి. వాటి చుట్టూ పల్చగా, పొగలాగా, కండ కనపడుతుంది. చర్మం అంచు కనపడుతుంది. ఏడో ఫిల్ములో ఆ పొగ పల్చబడింది. పన్నెండో దానిలో అక్కడక్కడా ఉంది. ఇరవయ్యో దానిలో...

లేదు.

వట్టి ఎముకలు. అయినా వేళ్ళు అలాగే విప్పి ఉన్నాయి. కదలకుండా పెట్టు తల్లీ అంటే బుద్ధిగా పెట్టిన పిల్ల చెయ్యిలాగా. దాని కింద ఇంకా బోలెడు ఫిల్ములున్నాయి.

అప్పుడే పక్క ఎక్స్‌రే గదిలో ఎవరో మాట్లాడారు. మగ గొంతు. ముసలి గొంతు. గుసగుసగా.

"అలాగే... అలాగే ఉంచు తల్లీ... కదలొద్దు..."

టక్ మని మీట నొక్కిన చప్పుడు.

ఎలా తలుపు తీసిందో ఆమెకే తెలీదు. ఎక్స్‌రే గదిలో ఎవరూ లేరు. యంత్రానికి కరెంటు తీగ కూడా తగిలించి లేదు. బల్ల ముందు ఎత్తు స్టూలు మీద, క్వార్టర్సు దగ్గరుండాల్సిన పిచ్చుక ఒక్కతీ కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి బల్ల మీద పరిచి, వేళ్ళు విప్పి, ఊపిరి కూడా బిగబట్టి.

"పిచ్చుకా!"

"అమ్మా, మాట్లాడించకు" అంది పిల్ల పెదాలు కదపకుండా. "కదలొద్దన్నాడు తాతయ్య."

"ఏ తాతయ్య?"

పిచ్చుక కళ్ళు మాత్రం తిప్పి డార్క్‌రూమ్ తలుపుకేసి చూసింది. "ఇప్పుడే కదమ్మా నిన్ను దాటుకుని లోపలికెళ్ళాడు..."

ఆమె వెనక డార్క్‌రూమ్‌లో, తొట్టిలో ఏదో మునిగిన చప్పుడైంది.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లని చంకనేసుకుని పరుగెత్తింది. కవరులోంచి చివరగా తీసిన ఫిల్ము ఇంకా తన చేతిలోనే ఉందని వరండాలోకి వచ్చాక గానీ తెలీలేదు.

* * *

క్వార్టర్సు వరండాలో భర్త చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. గురక లేదు, ఈల లేదు. ఛాతీ నింపాదిగా లేస్తోంది, పడుతోంది. పక్కనే ఆయా గొంతుక్కూర్చుని, ఆయన ఛాతీ వంకే రెప్ప వాల్చకుండా చూస్తోంది.

"ఏం చేస్తున్నావక్కడ?" అంది ఆమె.

"ఎంత బాగా పీల్చుకుంటున్నాడో చూస్తున్నా తల్లీ" అంది ఆయా. "చూసి ఎన్నాళ్ళయిందో."

ఆయా లేచి వెళ్ళిపోయింది. ఆమె భర్తని కుదిపి లేపింది.

"ఏమండీ, లేవండి. వెళ్ళిపోదాం. అయిదున్నరకి బస్సుంది."

చెప్పాల్సిందంతా చెప్పింది. ముందూ వెనకా లేకుండా, రొప్పుతూ. ఆయన విన్నాడు. కోపం రాలేదు కానీ మొహం చిన్నబోయింది.

"ఎముకలు అందరివీ ఒకలాగే ఉంటాయి కదే" అన్నాడు.

"మీకు. నాకు ఉండవు."

"ఇవాళ నేను పరుగెత్తాను. చూశావా నువ్వు? మళ్ళీ ఆ సిమెంటు కొట్టు మీదికి వెళ్ళి, గొట్టం నోట్లో పెట్టుకుని కూర్చోమంటావా? ఒక ఫిల్ము చూసి?"

 ఆమె ఫిల్ము ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. పిచ్చుక మునివేళ్ళ మీద లేచి చూసింది. ఆటలాగా తన ఎడమ చెయ్యి దాని పక్కన ఆనించింది.

"ఈ వంకర వేలు నాదే నాన్నా! చూడు, సరిగ్గా నాదే." ఫిల్ములో చెయ్యి తన చేతికన్నా కొంచెం పెద్దదిగా ఉండటం చూసి ముచ్చటపడింది. "ఇది నేను పెద్దయ్యాకా?"

ఆయన చెయ్యి మెల్లగా దిగింది.  సంచి తీసుకున్నాడు. ఫిల్ముని వరండాలో బోర్లా పెట్టి, దాన్ని దాటుకుని మెట్లు దిగాడు.

ఎవరూ ఆపలేదు. అదీ భయంగానే ఉంది. పెద్ద డాక్టరు బస్సు దాకా వచ్చి సాగనంపాడు కూడా. "నచ్చకపోతే వెళ్ళాలమ్మా. తప్పేముంది?" అంటూ చెయ్యి ఊపాడు. డాక్టరు పక్కన ఆయా, చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

ఊరు దాటితే కాలవ, కాలవ మీద వంతెన. బస్సు వంతెన దాటి అవతలి ఒడ్డున దిగిందో లేదో, భర్త ముందుకు వంగిపోయాడు. గొట్టం నోట్లో పెట్టుకుని నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మందు లోపలికి వెళ్తున్న చప్పుడైతే వస్తోంది... గాలే వెళ్ళడం లేదు. పెదాలు నీలంగా మారాయి. ఇన్నేళ్ళలో వచ్చిన ఏ ఆయాసమూ ఇలా లేదు. ఇది ఆయాసం కాదు. నీళ్ళలోంచి తీసి ఒడ్డున పడేసిన చేప కొట్టుకుంటున్నట్టుంది.

"ఆపండి! బస్సు ఆపండి!"

ఆపారు. ఆయన్ని మెట్లు దింపింది. ఆయన ఆమెని విడిపించుకుని, తూలుతూ, వంతెన మీదుగా ఊరి వైపు నడిచాడు. పది అడుగులు... ఇరవై... నిలబడ్డాడు. భుజాలు ఎగశాయి. గాలి అందింది.

ఒక్క నిమిషం ఆగి మళ్ళీ బస్సు వైపు వచ్చాడు. వంతెన చివర మోకాళ్ళ మీద పడ్డాడు. వెనక్కి పాకాడు, పీల్చుకున్నాడు, మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పడ్డాడు. మూడుసార్లు. బస్సులో జనం కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. 

అప్పుడు చూసింది ఆమె. వంతెనకి ఊరి వైపు అంచున పెద్ద డాక్టరు, పక్కన చక్రాల కుర్చీతో ఆయా. ఇందాక బస్సు దగ్గర వదిలొచ్చిన వాళ్ళే. రెండు మైళ్ళు... వీళ్ళు ఎప్పుడొచ్చారు? ఎలా వచ్చారు?

"అమ్మా, ఇంక బస్సు కదలాలి" అన్నాడు కండక్టరు. "ఎక్కుతారా, ఉండిపోతారా?"

"ఉండిపోతాం" అంది ఆమె. పిచ్చుక అప్పటికే మెట్టు మీద ఉంది, "నాన్నా" అంటూ.

వంతెన మీద నుంచి ఆయన చెయ్యెత్తాడు. వద్దని అడ్డంగా ఊపాడు. కూతురి వంక చూపించాడు. ఆ తర్వాత అవతలి దారి వంక.

"దాన్ని తీసుకెళ్ళు!" గొంతు చిరిగింది. "నేను ఇక్కడ... పీల్చుకోగలను కదా. ఏదో ఒకటి చేద్దువుగాని. ముందు దాన్ని తీసుకెళ్ళు!"

భర్తని తెచ్చుకుంటే ఆయన దక్కడు. ఆయన కోసం ఆగితే పిల్ల దక్కదు. ఏ వైపు అడుగేసినా ఒకరు పోతారు. ఆమె పిల్ల నడుం చుట్టూ చెయ్యేసి బిగించింది. పిచ్చుక కొరికింది, రక్కింది, ఏడ్చింది. ఆమె వదల్లేదు, పిల్లతో బస్సెక్కేసింది. బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే, ఆయన చక్రాల కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆయా దాన్ని మెల్లగా ఊరి వైపు తిప్పుతోంది.

* * *

పిచ్చుకని అక్క ఇంట్లో దింపింది. బావని కాపలా పెట్టింది. ఆదివారమంతా తన ఆసుపత్రిలో కనపడ్డ ప్రతి డాక్టరు కాళ్ళూ పట్టుకుని, ఆక్సిజన్ సిలిండర్లు రెండూ, అంబులెన్సూ ఒప్పించుకుంది. ఆ ఊరి గాలి లేకపోతే సిలిండర్ గాలి మీదైనా తీసుకురావచ్చని ఆశ. మధ్యమధ్య భర్తకి ఫోను చేస్తూనే ఉంది. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది.

సాయంత్రం ఆరింటికి డ్రైవరు కింద హారన్ కొట్టాడు. ఆమె చెప్పులు వేసుకుంటుండగా ఫోను మోగింది.

"ఏమోయ్!" ఆయనే. హుషారుగా ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది ఆమెకి. 

"ఎలా ఉన్నారండీ? నేను వస్తున్నా, సిలిండర్లు..."

"నాకేం, రాజాలా ఉన్నాను. క్వార్టర్సు కడిగించారు, వరండాకి తడికలు కట్టించారు, పిచ్చుక బడి గురించి కూడా మాట్లాడొచ్చాను, మేస్టారు మహా మంచివాడు, పుస్తకాల్లో తప్పులన్నీ పోగేసి పెట్టాడట నాకోసం, పెరట్లో జామచెట్టు ఉంది చూశావో లేదో, దాని కింద బల్ల వేయించుకుంటే పని అక్కడే చేసుకోవచ్చు, డాక్టరుగారు రోజూ వచ్చి కూర్చుంటానన్నారు, నువ్వేమో భయపడి పరుగెత్తావు గానీ ఇక్కడ భయపడాల్సింది ఏమీ లేదు, అందరూ మనలాంటి వాళ్ళే, నిన్ననే కదా వచ్చింది అనిపించడం లేదు..."

ఆమె వింటోంది. మొదట సంతోషంగా వింది. తర్వాత శ్రద్ధగా వింది. పదేళ్ళుగా పక్కన పడుకుని విన్న మనిషి. మూడు మాటలకొకసారి ఆగాలి. ఒక ఈల, ఒక గుర్రు, ఒక చిన్న దగ్గు... ఏదో ఒకటి వినపడాలి. ఆరోగ్యంగా ఉన్నవాడైనా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆమె గోడ మీద గడియారం చూసింది. రెండు నిమిషాలు... మూడు... ఆయన ఆగలేదు. మాట మాటకీ మధ్య ఎక్కడా, ఏమీ లేదు.

కింద మళ్ళీ హారన్.

"ఏమండీ" అంది.  "ఏమండీ... ఒక్క క్షణం ఆగండి. ఆగి, ఒకసారి ఊపిరి తీసుకోండి."

ఆయన ఆగాడు. ఫోనులో ఏ చప్పుడూ లేదు. చాలాసేపు.

తర్వాత అడిగాడు. వేళాకోళం లేదు ఆ గొంతులో. నిజంగానే మర్చిపోయి, గుర్తు చెయ్యమని అడుగుతున్నట్టు, నెమ్మదిగా.

"ఎలా?"